ఈత జట్టు కావాలా, ఈత కావాలా?

ఈ నెల ఒక ఈత కొలను గురించి వ్రాస్తున్నాను. "పల్లెలో ఉండే మాకు ఈత కొలనుతో పనేమిటి?" అని పేజీ తిప్పేయకండి. ఈ సంగతి హైదరాబాదులోని కృష్ణానగర్‌లో మొదలైనా, మన ఊరి బావి గట్టు దగ్గరకే వచ్చి ఆగుతుంది.

పోయిన వేసవిలో పని మీద హైదరాబాదు వెళ్ళి, కృష్ణానగర్‌లో ఉంటున్న నా పాత విద్యార్థి ఇంట్లో రెండు రోజులు ఉన్నాను. జూబ్లీహిల్స్ బంగళాలకూ ఫిలింనగర్ స్టూడియోలకూ దగ్గరలోనే ఉన్న ఇరుకు సందుల పేట అది. తెల్లవారకముందే జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మన్లు రోడ్డు మీదికి వచ్చి ప్రొడక్షన్ వ్యాను కోసం ఎదురుచూస్తారు. పని దొరికినవారు ఎక్కిపోతారు. దొరకనివారు టీ త్రాగి గదికి తిరిగి వస్తారు. మావాడు ముప్ఫై ఏళ్ళ క్రితము పల్నాడు నుండి అలాగే వచ్చి లైట్‌మన్‌గా నిలదొక్కుకున్నాడు. భార్య కుట్టుపని చేస్తుంది. ఒక్కతే కూతురు, విశ్వవిద్యాలయములో ఎం.ఎస్సీ. చదువుతున్నది.

రాత్రి భోజనాల దగ్గర తండ్రీ కూతుళ్ళకు తగవు వచ్చింది. తమ విశ్వవిద్యాలయము పోటీలకు వెళ్ళే ఈత జట్టును ప్రారంభించాలనీ, అందుకు ఒక కొలను కట్టాలనీ విద్యార్థులు అర్జీ వ్రాశారట. ఆ కాగితము ఈ అమ్మాయి చేతికి వచ్చింది. సంతకము పెడతానంటుంది కూతురు. వద్దంటాడు తండ్రి.

"మాస్టారూ, మీరే చెప్పండి. ఈ సందులోకి నీళ్ళ ట్యాంకరు వస్తే బిందెకు బిందె తగిలి తగవులు. వీళ్ళకు కొలను కావాలంట, అందులో పోటీలంట!" అన్నాడు.

"నీకు ఈత వచ్చు నాన్నా. అందుకే నీకు అదేమంత పెద్ద సంగతిగా అనిపించదు" అన్నది ఆ అమ్మాయి.

ఆ మాటకు ఇద్దరమూ తల వంచుకున్నాము. ఎందుకో చెప్పాలి.

ఇతడికి పద్నాలుగేళ్ళప్పుడు ఒక ఆదివారము మధ్యాహ్నము మా ఊరి దిగుడుబావిలో ఒక పిల్లవాడు జారిపడ్డాడు. నేను గట్టు మీదే ఉన్నాను. నాకు ఈత రాదు. బడిలో పిల్లలకు లెక్కలు, సైన్సు చెప్పే పంతులును, కేకలు వేయడము తప్ప ఏమీ చేయలేకపోయాను. ఇతడు చొక్కా కూడా విప్పకుండా దూకి, ఆ పిల్లవాడిని జుట్టు పట్టి మెట్ల మీదికి లాగాడు. ఆనాటి నుండి ఆ ఇంటితో నాకు బంధుత్వము వంటిది ఏర్పడింది.

సినిమాలకు వచ్చిన కొత్తలో కూడా ఆ ఈత ఇతడికి ఒకటి రెండుసార్లు అన్నము పెట్టింది. హీరో నీటిలో దూకే సీను ఉంటే డూప్ కావాలి గదా, "ఎవరికిరా ఈత వచ్చు?" అని అడిగితే లైటు ప్రక్కన పెట్టి ముందుకు వచ్చాడట.

కానీ పదమూడేళ్ళ క్రితము, వేసవి సెలవులలో, ఇతడి అన్న కొడుకు ఊరి బయట సున్నపురాయి క్వారీ గుంటలో మునిగిపోయాడు. వానకు నిండిన గుంట అది. ఇతడు షూటింగులో ఉన్నాడు. ఈ అమ్మాయికి అప్పుడు పదేళ్ళు, సెలవులకు ఊరు వెళ్ళి ఆ గుంట గట్టు మీదే ఉన్నది. నేను బావి దగ్గర వేసిన కేకలే ఆ పిల్లా వేసింది. ఈసారి దూకేవారు లేరు.

అందుచేత ఆ రాత్రి తీర్పు చెప్పడము నాకు అంత తేలిక కాలేదు. ఇంటికి వచ్చాక కూడా చాలా రోజులు ఆలోచించాను.

ముందుగా తండ్రి మాట తీసుకుందాము. ఒలింపిక్ కొలత ప్రకారము కొలను 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు ఉండాలి. లోతు 2 మీటర్లే అనుకుందాము. గుణిస్తే 25 లక్షల లీటర్లు. 5,000 లీటర్లు పట్టే ట్యాంకర్లు 500 కావాలి. బిందెతో వరుసలో నిలబడే ఇంట్లో ఈ లెక్క చెప్పి చూడండి! అయితే ఈ నీటిని ప్రతి దినము పారబోయరు. వడకట్టి, క్లోరిన్ కలిపి, పంపులతో అదే నీటిని తిప్పుతుంటారు. కాబట్టి అసలు ఖర్చు నింపడములో లేదు, ప్రతి దినము శుభ్రముగా ఉంచడములో ఉన్నది. కరెంటు, వడపోత, కాపలా, ఈత తెలిసిన రక్షకుడు, శిక్షకుడు. ఒక నెల ఈ ఖర్చు ఆగితే నీరు పచ్చబడుతుంది, రెండవ నెలలో కప్పలు చేరుతాయి. రిబ్బను కత్తిరించిన మరుసటి ఏడాదికే ఎండిపోయిన కొలనులను నేను చూశాను. పేర్లు ఎందుకు లెండి.

ఇక కట్టడమే అవసరమా అన్నది మరొక ప్రశ్న. 2002 డిసెంబరులో హైదరాబాదులో జాతీయ క్రీడలు జరిగినప్పుడు గచ్చిబౌలిలో పెద్ద ఈత కొలను సిద్ధము చేశారు. 2003లో ఆఫ్రో-ఆసియా క్రీడలు ఈ నగరములోనే జరిగాయి. 2023 జూలైలో జాతీయ సీనియర్ ఈత పోటీలు కూడా గచ్చిబౌలిలోనే జరిపారు. ఇటువంటి కొలను నగరములో ఉండగా, విశ్వవిద్యాలయము కొత్తగా గొయ్యి త్రవ్వే ముందు "మా విద్యార్థులకు ప్రొద్దున రెండు గంటలు ఇవ్వండి" అని అడగవచ్చును గదా. తన పొలములో బోరు వేసే ముందు ప్రక్క పొలము రైతుతో మాట్లాడటము మనకు తెలియని సంగతి కాదు.

ఇప్పుడు జట్టు సంగతి. విశ్వవిద్యాలయాల మధ్య ఆటల పోటీలను నడిపే సంస్థ 1925లో అంతర విశ్వవిద్యాలయ మండలిగా పుట్టింది. అన్ని ఆటలలో కలిపి ముందు నిలిచిన విశ్వవిద్యాలయానికి మౌలానా అబుల్ కలాం ఆజాద్ ట్రోఫీ ఇవ్వడము 1956-57 నుండి ఉన్నది. పంజాబ్ విశ్వవిద్యాలయము, అమృత్‌సర్‌లోని గురునానక్ దేవ్ విశ్వవిద్యాలయము దానిని ఎన్నోసార్లు గెలుచుకున్నాయి. 2020 నుండి ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు కూడా మొదలైనాయి. ఈతలో ఒక్కొక్క పద్ధతికి, ఒక్కొక్క దూరానికి వేర్వేరు పోటీ ఉంటుంది గనుక పతకాలు ఎక్కువ. నలుగురు మంచి ఈతగాళ్ళు ఉంటే ఒక విశ్వవిద్యాలయము పట్టికలో పైకి పోతుంది. జట్టు కావాలనే కోరిక వెనుక ఈ లెక్క కూడా ఉన్నదని నా అనుమానము.

2022లో బెంగుళూరులో జరిగిన ఆ క్రీడలలో ఆతిథ్యమిచ్చిన జైన్ విశ్వవిద్యాలయమే పతకాల పట్టికలో మొదటి స్థానములో నిలిచింది. దాని ఈతగాళ్ళలో శ్రీహరి నటరాజ్ ఒకడు. ఆ యువకుడు అంతకు ముందే, 2021లో, టోక్యో ఒలింపిక్స్‌లో 100 మీటర్ల వెనుక ఈత పోటీలో పాల్గొన్నాడు. అంటే విశ్వవిద్యాలయము అతడిని ఈతగాడిని చేయలేదు. చిన్ననాటి నుండి బెంగుళూరు ఈత కేంద్రాలలో తయారైన పంటను అది ఇంటికి చేర్చుకున్నది. తప్పు అనడము లేదు. ఈతలో అదే పద్ధతి. ఏడెనిమిదేళ్ళకు మొదలుపెట్టి, తెల్లవారి అయిదు గంటలకు ఒకసారి, సాయంత్రము ఒకసారి, ఏళ్ళ తరబడి ఈదినవారే సెకనులో నూరవ వంతు తేడాతో గెలుస్తారు. ఇరవై ఏళ్ళకు కొలనులో దిగిన పిల్లకు ఆ జట్టులో చోటు దొరకదు. దొరికేది నగరములో ఫీజులు కట్టి నేర్పించగలిగిన ఇళ్ళ పిల్లలకు.

ఇదే మాట ఆ అమ్మాయితో అన్నాను. "అమ్మా, జట్టు వస్తే నువ్వు అందులో ఉంటావా?"

"ఉండను మాస్టారూ. నాకు నడుము లోతు నీళ్ళన్నా భయమే."

"మరి సంతకము ఎందుకు?"

"జట్టు అంటే కొలను వస్తుంది. కొలను ఉంటే ఎప్పటికైనా మమ్మల్ని కూడా దిగనిస్తారు."

ఆ "ఎప్పటికైనా" అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకున్నది. పెద్దింటి పెండ్లిలో ఆఖరి బంతి కోసము బయట కూర్చున్నవారి మాట అది.

ఆలోచించగా నాకు తోచినది ఇది. విశ్వవిద్యాలయానికి ఈత జట్టు ఉండవచ్చును. కానీ ఈత రాని విద్యార్థికి నేర్పే గంటలు ముందు వ్రాసి, జట్టు గంటలు తరువాత వ్రాయాలి. అమెరికాలోని ఎం.ఐ.టి. వంటి గొప్ప విద్యాసంస్థలో పట్టా పుచ్చుకునే ముందు ప్రతి విద్యార్థి 100 గజాలు ఈదగలడా అని చూసే నియమము చాలా కాలముగా ఉన్నది. రానివారికి తరగతి పెట్టి నేర్పుతారు. అక్కడ పోటీలకు వెళ్ళే జట్టు కూడా ఉన్నది, కానీ కొలను జట్టు సొత్తు కాదు.

పతకాలే కావాలంటే దానికి వేరే దారి పడుతున్నది. తెలంగాణ శాసనసభ 2024 డిసెంబరులో క్రీడల కొరకు ప్రత్యేక విశ్వవిద్యాలయ బిల్లును ఆమోదించింది. ఆటలే చదువుగా తీసుకునేవారు అక్కడ తయారు కావచ్చును. మిగిలిన విశ్వవిద్యాలయాలు అదే పరుగులో పడనక్కరలేదు.

అయితే జట్టే వద్దు అనడానికి కూడా నా మనసు ఒప్పుకోలేదు. ఎందుకంటే నేర్చుకునేవారి కోసము మాత్రమే తెరచిన కొలనును పరీక్షలు వస్తే మూస్తారు, సెలవులు వస్తే మూస్తారు, శిక్షకుడు మానేస్తే మూస్తారు. అడిగేవారు ఉండరు. జట్టు ఉంటే తెల్లవారి తలుపు తీయమని తట్టేవారు ఉంటారు. మా ఊరి పంపు కూడా సర్పంచి గారి ఇంటి ముందు ఉన్నంత కాలము ఏనాడూ చెడిపోలేదు!

జట్టును మొదలుపెట్టడము కన్న నిలపడము కష్టమని కూడా తెలుసుకోవాలి. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయము ఈత చరిత్రలో పేరుగలది. సీతాకోకచిలుక ఈత 1930ల నాటికి అక్కడి కొలనులోనే రూపు దిద్దుకున్నదని చెప్తారు. అటువంటి చోట 2020 ఆగస్టులో, కరోనా కాలపు డబ్బు ఇబ్బందులు చెప్పి, ఈత జట్లను రద్దు చేస్తున్నామన్నారు. విద్యార్థినులు కోర్టుకు వెళ్ళిన తరువాత 2021లో అమ్మాయిల జట్టును తిరిగి నిలిపారు. అబ్బాయిల జట్టు పోయింది.

అమ్మాయిల మాట వచ్చింది గనుక తల్లుల సందేహము ఒకటి. "అందరి ముందు ఆ బట్టలేమిటండీ?" అని ఆ ఇంటి ఇల్లాలే కుట్టుమిషను దగ్గర నుండి అడిగింది. ఆమె అడిగినది సబబే. పోటీలలో 2010 నుండి ఉన్న నియమము ప్రకారము స్త్రీలు భుజాల నుండి మోకాళ్ళ వరకు ఉండే ఈత దుస్తులు వేసుకోవచ్చును. నేర్చుకునేవారికి ఆ నియమాలు కూడా లేవు, ఒంటికి అతుక్కునే నిండు దుస్తులు వేసుకోవచ్చును. బావిలో మగపిల్లలు గోచీతో దూకి నేర్చుకున్నారు. ఆడపిల్లలు గట్టు మీద బట్టలు ఉతుకుతూ చూశారు. స్త్రీలకు వేరుగా గంటలు, స్త్రీయే శిక్షకురాలు ఉంటే ఈ తల్లి పంపుతుంది. లేకపోతే కొలను ఎంత గొప్పదైనా పంపదు. ఆదివారపు పోటీల మాట కూడా ఆమె అడిగింది. 1924లో పారిస్‌లో ఎరిక్ లిడ్డెల్ ఏమి చేశాడో మన చదువరులకు నేను చెప్పనక్కరలేదు. జట్టులో చేరే పిల్ల ముందే ఆలోచించుకోవలసిన సంగతి అది.

వయసు దాటిపోయిందనేవారికి మరొక మాట. తెలుగు సినిమా లోకానికే సంబంధించిన ఒక స్త్రీ, యానిమేషన్ చిత్రాలు తీసే గోలి శ్యామల గారు, నలభై దాటిన తరువాత ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో శ్రీలంక తీరము నుండి ధనుష్కోటి వరకు సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని ఈదారు. అప్పుడు ఆమె వయసు యాభైకి దగ్గర. ఈ మాట చెప్పినప్పుడు మా అమ్మాయి కంచము ముందు నుండి తల ఎత్తింది.

ఇక మన పల్లెల సంగతి. మన దేశములో ఏటా 30,000 మందికి పైగా నీట మునిగి చనిపోతున్నారని ప్రభుత్వ లెక్కలే చెప్తున్నాయి. ఐక్యరాజ్యసమితి 2021 నుండి జూలై 25ను ఈ మరణాల నివారణ దినముగా పెట్టింది. మన తండ్రుల కాలములో ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టి, తాడు పట్టుకుని, పిల్లలను బావిలోకి దింపేవారు. బోర్లు వచ్చాక బావులు ఎండిపోయాయి, కొన్ని పూడిపోయాయి. నేర్చుకునే చోటు పోయింది గాని మునిగే చోట్లు పోలేదు. సాగరు కాలువలు ఉన్నాయి, క్వారీ గుంటలు ఉన్నాయి, మట్టి త్రవ్విన చెరువులు ఉన్నాయి. ఈతకు మించిన లోతు లేదని పెద్దలు అన్నారు. ఇప్పుడు లోతు మిగిలింది, ఈత పోయింది.

ఈత అన్నిటికీ మందు అని కూడా నేను చెప్పను. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది కొట్టుకొనిపోయారు. ఆనకట్ట నుండి వదిలిన నీరు ఒక్కసారిగా మీదికి వచ్చింది. అటువంటి ప్రవాహములో ఈత వచ్చినవాడు కూడా నిలవడము కష్టము. ఎక్కడ దిగరాదో, మునిగేవాడికి దూకకుండా తాడు, కర్ర, ఖాళీ క్యాను ఎలా అందించాలో నేర్పడము కూడా ఈత చదువులో భాగమే. నాకు ఆనాడు బావి గట్టు మీద ఆ పాటి తెలిసి ఉంటే, నా కండువా అయినా అందించి ఉండేవాడిని.

బంగ్లాదేశ్‌లో పేద పల్లెలలో కొలనులు కట్టలేదు. చెరువులోనే వెదురు బొంగులతో మంచె వంటిది కట్టి, చుట్టూ కంచె వేసి, పిల్లలకు శిక్షణ పొందిన ఊరివారే ఈత నేర్పుతున్నారు. ఇది చదివినప్పుడు నాకు మన విశ్వవిద్యాలయాలలో 1969 నుండి ఉన్న జాతీయ సేవా పథకము గుర్తుకు వచ్చింది. ఏటా విద్యార్థులు పల్లెకు వచ్చి వారము రోజులు ఉండి, రోడ్లు ఊడ్చి, మొక్కలు నాటి పోతారు. మొక్కలు నాటడము మంచిదే. కానీ విశ్వవిద్యాలయ కొలనులో ఈత, రక్షణ నేర్చుకున్న విద్యార్థులు ఏటా వేసవిలో పల్లెకు వచ్చి, ఊరి ఈతగాళ్ళను కూడగట్టి వారికి నేర్పే పద్ధతి నేర్పి వెళ్తే? వారము చాలదు. అయినా ఆరంభము అవుతుంది.

పౌలు ప్రయాణము చేసిన ఓడ మెలితె దగ్గర బ్రద్దలైన సంగతి అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో మనము చదివిందే. ఓడలో 276 మంది. ఈత వచ్చినవారు ముందుగా దూకి దరి చేరారు, రానివారు పలకలు పట్టుకుని చేరారు. చిన్ననాటి నుండి విన్న కథే గాని, ఆ రెండవ గుంపు కోసము పలకలు ఎవరు అందించారా అని ఈ మధ్యనే నాకు అనిపిస్తున్నది.

ఇదంతా ఆ అమ్మాయికి ఉత్తరముగా వ్రాసి పంపాను. తండ్రి చదివి, "మాస్టారు ఇటూ చెప్పలేదు, అటూ చెప్పలేదు" అన్నాడట. కూతురు మాత్రము అర్జీ పట్టుకుని తోటి విద్యార్థుల దగ్గరకు వెళ్ళి, మూడు సంగతులు చేర్పించింది. కొత్త కొలనుకు ముందు ఉన్న కొలనులో గంటలు అడగాలి. ఈత రానివారికి, స్త్రీలకు వేరుగా సమయము వ్రాతపూర్వకముగా ఉండాలి. జట్టులో ఉండేవారు ఏటా కొందరికి నేర్పాలి. కొందరు గొణిగారట, "ఇవన్నీ పెడితే అసలు జట్టే రాదు" అని. అయినా ఒప్పుకున్నారు. అప్పుడు సంతకము పెట్టింది. అర్జీకి జవాబు ఇంకా రాలేదు.

పోయిన వారము మావాడు ఫోను చేశాడు. కూతురు ఒక కొలనులో స్త్రీల గంటకు చేరిందట, తల్లి బ్లౌజులు కుట్టిన డబ్బుతో ఫీజు కట్టిందట. మొదటి దినము ఇతడు షూటింగు మానుకుని వెంట వెళ్ళాడు. మగవారికి లోపలికి ప్రవేశము లేదని గేటు దగ్గర ఆపారు. గంట సేపు ప్రహరీ బయట నిలబడి నీళ్ళ చప్పుడు విన్నాడట.

"కాళ్ళు ఆడించమని చెబుదామనుకున్నా మాస్టారూ. గోడకు ఇవతల నుండి ఎలా చెప్పేది?" అన్నాడు.

అమ్మాయి తడి జుట్టుతో బయటికి వచ్చి, "నాన్నా, నీళ్ళలో కళ్ళు తెరిచాను" అన్నదట.